ఆగమంటే ఆగని ప్రోగ్రామ్

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

తూకం యంత్రం పంపే అంకెలను రోజంతా చదివి ఫైలులో రాసే ప్రోగ్రామ్‌ను పెర్ల్ భాషలో నువ్వే రాస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే పొంగిపోయాను. రాత్రి పడుకున్నాక మాత్రం, దాన్ని ఆపడం ఎలాగో వీడు ఆలోచించాడా అన్న బెంగ పట్టుకుంది.

పొరపాట్లు పట్టిచ్చే స్ట్రిక్ట్, వార్నింగ్స్ పెట్టుకో. ఫైలు తెరుచుకుందో లేదో చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

కొత్తలో నేనూ అచ్చం ఇలాంటిదే రాశాను. టర్మ్ సిగ్నల్‌కు, అంటే ప్రోగ్రామ్‌ను ఆగమని బయటి నుంచి పంపే కబురుకు, ఒక హ్యాండ్లర్ పెట్టాను. హ్యాండ్లర్ అంటే ఆ కబురు అందినప్పుడు నడిచే చిన్న కోడ్. అది తెర మీద "సరే, ఆగుతున్నాను" అని రాసి, ఒక వేరియబుల్‌లో 1 పెడుతుంది. లూపు ఒక్కో వరుస చదివాక ఆ వేరియబుల్‌ను చూసుకుని బయటికి వస్తుంది. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను! మధ్యాహ్నమంతా పరీక్షించాను, ప్రతిసారీ ఆగింది. ఆగకేం చేస్తుంది, యంత్రం క్షణానికో అంకె పంపుతుంటే!

రాత్రి యంత్రం ఊరుకుంది. డ్యూటీలో ఉన్న అబ్బాయి టర్మ్ పంపాడు. "సరే, ఆగుతున్నాను" అని పడింది, ప్రోగ్రామ్ కదల్లేదు. మళ్లీ పంపాడు, మళ్లీ అదే మాట. ఒకదాని కింద ఒకటి మూడు వరుసలు, వాటి కింద మిణుకుమంటూ కర్సరు. విసిగిపోయి 9వ నంబరు సిగ్నల్‌తో చంపేశాడు. దాన్ని ఏ హ్యాండ్లరూ పట్టుకోలేదు కదా. బఫర్‌లో, అంటే ఫైలుకు ఇంకా చేరకుండా మెమరీలో, మిగిలిన అంకెలన్నీ దానితోపాటే పోయాయి. పొద్దున ఫైలు తెరిస్తే చివరి వరుస అంకె మధ్యలో తెగిపోయి ఉంది. ఆ అబ్బాయిని నలుగురిలో తిట్టాను. తప్పు నాదేనని తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ మాట అతనితో చెప్పడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

2002లో వచ్చిన పెర్ల్ 5.8 వెర్షన్ నుంచి, సిగ్నల్ రాగానే పెర్ల్ హ్యాండ్లర్‌ను నడపదు. వచ్చిందని గుర్తు పెట్టుకుని, చేతిలో ఉన్న చిన్న పని ముగిశాక నడుపుతుంది. అంతకుముందు వెంటనే నడిపేది. మెమరీ సర్దుకుంటున్న వేళ హ్యాండ్లర్ దూరితే ప్రోగ్రామ్ కుప్పకూలేది. వరుస చదవడం దగ్గర మాత్రం ఇంకో మెలిక ఉంది. ఎదురుచూస్తున్న రీడ్ కాల్‌ను సిగ్నల్ తట్టి లేపుతుంది, హ్యాండ్లర్ నడుస్తుంది. అది మామూలుగా తిరిగి వస్తే, పెర్ల్ ఏమీ జరగనట్టు మళ్లీ చదవడానికే కూర్చుంటుంది. నా వేరియబుల్‌లో 1 ఉంది, కానీ దాన్ని చూసే చోటికి రావాలంటే యంత్రం ఇంకో అంకె పంపాలి!

అందుకని అంకెలు చదివే కోడ్ వరుసను ఈవాల్‌లో పెట్టి, హ్యాండ్లర్‌లో డై పిలువు. డై నడుస్తున్న పనిని అక్కడే తెంచేస్తుంది, ఈవాల్ ఆ తెంపును పట్టుకుని ప్రోగ్రామ్‌ను బతికిస్తుంది. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు కాదు నాయనా, ఫైలులో రాస్తుండగా డై అయితే నా గతే నీకూ పడుతుంది. "చదువుతున్నాను" అని చెప్పే రెండో వేరియబుల్ పెట్టుకో. అది 1గా ఉంటేనే డై. లేకపోతే ఆగాలన్న గుర్తు ఒక్కటే. రెండో వేరియబుల్‌లో 1 పెట్టాక, చదవబోయే ముందు ఆ గుర్తును ఒకసారి చూసుకో. ఆగింది నీ డై వల్లేనా అని ఈవాల్ తర్వాత దాని మాటను పోల్చి చూసుకుంటావు కదా, ఆ మాట చివర న్యూలైన్ మరిచిపోయావా, పెర్ల్ ఫైలు పేరూ వరుస నంబరూ అంటిస్తుంది, నీ పోలిక తప్పుతుంది. బఫర్ లేకుండా నేరుగా చదివే సిస్‌రీడ్ వాడితే ఈ తంటా తక్కువ, సిగ్నల్ రాగానే అది ఖాళీ చేతులతో తిరిగి వస్తుంది. కానీ తెరిచిన ఒకే ఫైలు హ్యాండిల్ మీద వరుస చదవడం, సిస్‌రీడ్ రెండూ కలపకు. ఇంతసేపే ఎదురుచూడాలని అలారం పెడితే, చదవగానే సున్నా అలారంతో రద్దు చెయ్యి.

రాయడం అయ్యాక, యంత్రం ఏమీ పంపని వేళ చూసి టర్మ్ పంపు. అంకెలు వస్తుండగా ఆగిందని నాకు చెప్పకు, నేను నమ్మను. నిశ్శబ్దంలో ఆగితే ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా సరే, నాకు ఎలాగూ నిద్ర పట్టదు.

మీ పెద్దమ్మ