నైట్ డ్యూటీలో నర్సు అలసిపోతే రోగికి ప్రమాదమా?

మీ చెల్లెలు కర్నూలులో స్టాఫ్ నర్సుగా చేరిందనీ, వరుస నైట్ డ్యూటీలతో నిద్ర చాలక మందుల్లో ఎక్కడ పొరపాటు చేస్తానోనని భయపడుతోందనీ రాశారు. ఆ ఊళ్లోనే చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఆమె భయం న్యాయమైనదే.

పొద్దున ఆరింటికి లేచి, మధ్యాహ్నం పడుకోకుండా డ్యూటీకి వస్తే రాత్రి పదకొండుకే 17 గంటల మెలకువ. అంతసేపు మేలుకున్నవారి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం బండి నడిపేవారికి ఒప్పుకునే హద్దు 0.03 శాతమే. ఆ స్థితిలో ఉన్న మనిషికి తెల్లవార్లూ వార్డును అప్పగిస్తున్నాం.

ఒకసారి తెల్లవారుజామున ఒక జూనియర్ సిస్టర్ ఇన్సులిన్ సిద్ధం చేసింది. సీసా మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందుది, సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్ల లెక్కన గీతలుండే ఎర్ర మూతది. అలాగే ఇచ్చి ఉంటే రోగికి రెండున్నర రెట్లు మందు వెళ్లేది. సీసా, సిరంజి రెండూ పక్క సిస్టర్‌కు చూపించాకే సూది వేయడం మా వార్డులో అలవాటు కాబట్టి అక్కడే ఆగింది. ఆ అమ్మాయి పని తెలియనిది కాదు. సెలవులో ఉన్నవారి రాత్రులు కూడా ఆమె మీదే పడ్డాయి. తర్వాత ఆమెకు మెమో ఇచ్చారు, డ్యూటీ చార్టు మాత్రం మార్చలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆదోని, నంద్యాల నుంచే కాదు, గద్వాల వైపు నుంచి కూడా రోగులు కర్నూలుకే వస్తారు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో షిఫ్టులన్నీ కలిపి లెక్కేస్తే ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. మీ చెల్లెలి వార్డులో ఎంతమంది రోగులకు ఎందరు నర్సులున్నారో అడిగి చూడండి.

ఇన్సులిన్, పొటాషియం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఈ మూడింటినీ ఎంత రద్దీలోనైనా రెండో మనిషికి చూపించకుండా ఇవ్వవద్దని చెప్పండి. మొదటి నైట్‌కు ముందు మధ్యాహ్నం ఒకటి రెండు గంటలైనా పడుకోవాలి. డ్యూటీ దిగాక స్కూటీ మీద ఒక్కతే రానివ్వకండి, మీరే వెళ్లి తీసుకురండి. ఎండాకాలంలో మిద్దె ఇంట్లో పగటి నిద్ర ఎంత కష్టమో మీకు తెలిసిందే. ఇంట్లో చల్లగా ఉండే గది ఆమెకు వదిలేయండి, వంట పని చెప్పకండి, చుట్టాలు వచ్చినా లేపకండి.

వరుసగా మూడు రాత్రులకు మించి వేయవద్దని హెడ్ నర్సుకు రాసి ఇమ్మనండి. కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే అడిగితే పక్కన పెట్టేస్తారు, వార్డులోని సిస్టర్లందరూ సంతకాలు చేయాలి.