పీకాక్ సిక్లిడ్‌లకు రంగు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది చంద్రగిరి మండలం. షెడ్డులో తెల్ల టైల్స్ వేసిన సిమెంటు తొట్లలో ఆఫ్రికన్ సిక్లిడ్ చేపలు పెంచుతున్నాను. చెన్నై నుంచి తెచ్చిన పెద్ద పీకాక్‌లు మొదట నిండు రంగులో ఉండి, రెండు నెలలకే వెలిసిపోయాయి. పిల్లల నుంచి పెంచినవాటిలో ఒకటి రెండింటికే నీలం వచ్చింది, మిగతావన్నీ బూడిద రంగే. రంగు లేనివి తిరుపతి దుకాణాల వాళ్లు తీసుకోవడం లేదు. రంగు మేత వేసినా లాభం లేదు. మాత్రలు కలిపితే రంగు వస్తుందంటున్నారు, కలపవచ్చా?

జవాబు: కలపకండి. ఆ మాత్రల్లో ఉండేది సాధారణంగా మిథైల్ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను. అది తిన్న ఆడచేపకూ, ఇంకా ఎదగని పిల్లకూ మగచేప రంగు పులుముకుంటుంది. మేతలో ఆపేస్తే ఆ రంగు దిగిపోతుంది. మీరు తెచ్చిన పెద్ద చేపలకు జరిగింది ఇదే కావచ్చు. అలాంటివి తల్లి చేపలుగా కూడా పనికిరాకుండా పోవచ్చు. మీ చేపను కొనుక్కున్న ఇంట్లో నెల తిరక్కుండా రంగు పోతే, ఆ దుకాణం మళ్లీ మీ గడప తొక్కదు.

ఇక మీరు పెంచిన పిల్లల సంగతి. పీకాక్‌లలో రంగు మగచేపది. ఆడచేప జీవితాంతం బూడిద, గోధుమ రంగుల్లోనే ఉంటుంది. కాబట్టి ఒక ఈతలో దాదాపు సగం పిల్లలకు రంగు రాదు, అది లోపం కాదు. మగపిల్లలు కూడా మూడు అంగుళాలకు చేరువయ్యాకే రంగు తేలతాయి. అన్ని జాతులూ ఇలా ఉండవు. ఎల్లో ల్యాబ్ అనే సిక్లిడ్‌లో ఆడామగా రెండూ పసుపే. కెన్యీ అనే మరో సిక్లిడ్‌లో పిల్లలన్నీ నీలంగా ఉండి, ఎదిగాక మగవి పసుపు పచ్చగా మారతాయి.

మగచేపల్లో కూడా తొట్టిలో పెత్తనం ఎవరిదో దానికే పూర్తి రంగు. మీ దగ్గర నీలం తేలిన ఒకటి రెండు చేపలు అవే అయి ఉంటాయి. మిగిలిన మగవి దానికి ఎదురు పడకుండా, ఆడచేపల్లా కనిపిస్తూ బతుకుతాయి. బర్టోనీ అనే ఆఫ్రికా సిక్లిడ్‌లో పెత్తనం చేసే మగచేపను తీసేస్తే, కిందనున్నది నిమిషాల్లోనే రంగు చూపడం మొదలుపెడుతుందని పరిశోధకులు గమనించారు. మీరూ పరీక్షించి చూడండి. బూడిద రంగులో ఉన్న పెద్ద చేపల్లో నాలుగైదింటిని ఒక్కొక్కటిగా వేరే గాజు తొట్లలో, దాక్కోవడానికి ఒక మట్టికుండ పెంకు పెట్టి వదలండి. రెండు మూడు వారాల్లో రంగు తేలితే అది అణిగి ఉన్న మగచేప. అమ్మకానికి ముందు ఇలా విడదీసి పెడితే చాలు, మేత ఖర్చు కూడా పెరగదు. నా దృష్టిలో మీ సమస్యలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

తెల్ల టైల్స్ రెండో కారణం. చేప చర్మంలో నల్ల రంగు కణాలుంటాయి. చుట్టూ తెల్లగా ఉంటే ఆ కణాల్లోని రంగు రేణువులు ఒకచోటికి ముడుచుకుని చేప పాలిపోతుంది. ముదురు నేల మీద అవి పరుచుకుంటాయి, మిగతా రంగులు వాటి మీద ఎత్తి కనిపిస్తాయి. తొట్టి అడుగున, మూడు వైపులా ముదురు రంగు ఉండేలా చూడండి. చిత్తూరు వైపు నల్ల గ్రానైట్ ముక్కలకు కొదవ లేదు. వాడి అంచులు లేనివి ఏరి, రాతిపొడి పోయేదాకా కడిగి పరచండి. దీపాన్ని రోజుకు ఎనిమిది నుంచి పది గంటలకు మించి వెలిగించనవసరం లేదు.

రంగు మేత మీద మీరు పెట్టుకున్న ఆశ కొంత తగ్గించుకోవాలి. పసుపు, నారింజ, ఎరుపు రంగులిచ్చే కెరోటినాయిడ్లను చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, మేత నుంచే తీసుకోవాలి. నీలం అలా కాదు. నెమలి పింఛంలో లాగే అది వెలుతురు చర్మంలోని సన్నని పొరల మీద పడి తిరిగి రావడం వల్ల కనిపించే రంగు. ఏ మేతా నీలాన్ని పుట్టించలేదు. ఎరుపు, పసుపు రకాలకు మాత్రం స్పిరులినా అనే నాచు పొడి, ఎండు రొయ్యల పొడి, బంతిపూల రేకుల పొడి పనికొస్తాయి. మందు కొట్టని తోట నుంచి ముదురు నారింజ బంతిని తెచ్చి నీడలోనే ఆరబెట్టండి, ఎండకు రంగు చచ్చిపోతుంది. పొడిని కొద్దిగా నూనెతో కలిపి మేతకు పట్టించండి, కెరోటినాయిడ్లు నూనెలోనే కరుగుతాయి. ఫలితం కనిపించడానికి నెల పైనే పడుతుంది. కొన్న మేత డబ్బా కూడా మూత తీసి నెలల తరబడి ఉంచితే అందులోని రంగు పదార్థం గాలికి పాడైపోతుంది. కెన్యీ వంటి రాళ్ల మధ్య నాచు మేసే జాతులకు మాంసకృత్తులు మరీ ఎక్కువైతే కడుపు ఉబ్బవచ్చు. వాటికి రొయ్యల పొడి తగ్గించి స్పిరులినా పెంచండి.

ఈ చేపల సొంత చోటైన ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీటిలో క్షారగుణం ఎక్కువ, దాన్ని చూపే పీహెచ్ అంకె సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. కాబట్టి కాస్త కఠినంగా, అంటే లవణాలు ఎక్కువగా ఉండే బోరు నీరు ఈ చేపలకు ఇబ్బంది కాదు. అయితే బోరు నుంచి తీసిన వెంటనే పరీక్షిస్తే పీహెచ్ తక్కువ చూపవచ్చు. ఒక రోజు గాలి పట్టించి చూడండి. పీహెచ్ పెరిగేకొద్దీ చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల నీటిలో చేరే అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. అందుకని వారానికి పావు వంతు నీరు మార్చాలి, తిన్నంత మేతే వేయాలి. నీరు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మన ఎండాకాలంలో షెడ్డు మీద గ్రీన్ నెట్ కట్టకపోతే నీరు వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి, చేప రొప్పుతూ పాలిపోతుంది. రంగు నల్లబడి, మేత మానేసి, తెల్లని దారంలా విసర్జిస్తుంటే అది జబ్బు. ఆ చేపను వెంటనే వేరు చేసి మత్స్యశాఖ అధికారికి చూపించండి.

చివరగా, తల్లి చేపలను రకాల వారీగా విడివిడి తొట్లలో ఉంచండి. పీకాక్ రకాల ఆడచేపలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, కలిపి పెంచితే సంకరమై పిల్లల రంగు ఏదీ స్పష్టంగా రాదు. హార్మోను తిన్నాయని అనుమానమున్న ఆ పెద్ద చేపలను ఈతకు అసలు పెట్టకండి.