మాత్ర కన్నా ముందు పన్ను చూపించండి

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు రావు, ఏం కావాలన్నా నా చెయ్యి పట్టి లాగి చూపిస్తాడు. మూడు నెలలుగా తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, రక్తం వచ్చేలా మణికట్టు కొరుక్కుంటున్నాడు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. పోయిన నెల అడ్డం వెళ్లిన చెల్లిని కొరికితే కుట్లు పడ్డాయి. సైకియాట్రిస్ట్ రిస్పెరిడోన్ రాశారు. మందు మొదలుపెట్టాకే పంపమని బడివాళ్లు అంటున్నారు. ‘గోలీలు వేస్తే పిల్లగాడు మొద్దుబారిపోతాడు’ అని మా అత్తమ్మ. సెలవు అయిపోయి దుబాయ్ వెళ్లిన మా ఆయన ఫోన్‌లో వద్దంటే వద్దంటున్నారు. మాత్రలు తెచ్చి మూడు వారాలైంది, బీరువాలోనే ఉన్నాయి. ఏం చేయాలో తెలియక నిద్ర పట్టడం లేదు.
- ఓ తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగాను. ‘మూడు నెలలుగా’ అన్నారు. ‘అన్నం సరిగ్గా తినడం లేదు’ అన్నారు. నాలుగో ఏటే బయటపడ్డ ఆటిజం మూడు నెలల కిందట కొత్తగా రాలేదు కదా. మరి అప్పుడు ఏం మారింది?

మాట రాని పిల్లవాడికి నొప్పి వస్తే ‘అమ్మా, పన్ను సలుపుతోంది’ అనలేడు. తల కొట్టుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు. ఎనిమిదేళ్ల వయసంటే పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే కాలం, పిప్పి పన్ను ఉన్నా ఆశ్చర్యం లేదు. చెవిలో చీము, నాలుగైదు రోజుల మలబద్ధకం, కడుపులో మంట, నిద్రలేమి కూడా ఇలాగే బయటపడతాయి. ఒక్కోసారి ఫిట్స్ కూడా ఉండొచ్చు. అందుకే ఈ వారంలోనే పిల్లల డాక్టరుకూ పళ్ల డాక్టరుకూ చూపించండి. ఒకవైపే నములుతున్నాడా, గట్టి పదార్థాలు పక్కన పెడుతున్నాడా గమనించి చెప్పండి. తల కొట్టుకున్నాక వాంతులైనా, మత్తుగా పడిపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకోటి. మీవారి సెలవు ఎప్పుడు అయిపోయిందో మీరు రాయలేదు. అది కూడా ఆ రోజుల్లోనే అయితే, రోజూ కనబడే నాన్న ఒక్కసారిగా కనబడకుండా పోవడం మీ బాబుకు చిన్న విషయం కాదు. రోజూ ఒకే వేళకు వీడియో కాల్ పెట్టండి, రెండు నిమిషాలైనా చాలు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని రెండు వారాలు రాయండి. కొట్టుకోవడానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, తర్వాత మీరు ఏం చేశారు. మిక్సీ చప్పుడా, ఫోన్ లాక్కోవడమా, అన్నం వేళా అన్నది మీకే తెలిసిపోతుంది. డాక్టరుకు కూడా ‘బాగా అల్లరి చేస్తున్నాడండీ’ అనే మాట కన్నా ‘రోజుకు తొమ్మిదిసార్లు కొట్టుకుంటున్నాడు’ అన్న లెక్క ఎక్కువ పనికొస్తుంది.

ఇక మందు సంగతి. నేను కౌన్సెలర్‌ని, మోతాదు గురించి నేను మాట్లాడకూడదు. కానీ ఈ మందు ఏం చేస్తుందో, ఏం చేయదో మీరు తెలుసుకోవాలి. ఇది మాటలు తెప్పించదు, ఆటిజాన్ని తగ్గించదు. విపరీతమైన చిరాకునీ, తనను తాను గాయపరచుకోవడాన్నీ, ఇతరుల మీద పడటాన్నీ తగ్గించడానికి ఇస్తారు. ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఈ చిరాకుకు వాడేందుకు అమెరికాలో 2006లో అనుమతి ఇచ్చారు. అంతకుముందు 2002లో అక్కడే 101 మంది పిల్లల మీద 8 వారాలు పరీక్షించారు. మందు వాడినవాళ్లలో 69 శాతం మందికి బాగా నెమ్మదించింది, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 12 శాతం మందికే. అయితే మందు వాడిన పిల్లలు ఆ 8 వారాల్లోనే సగటున 2.7 కిలోలు పెరిగారు, మిగతావాళ్లు 0.8 కిలో.

కాబట్టి మీ అత్తమ్మగారి భయం ఉత్తదని నేను అనను. మొదట్లో గానీ, మోతాదు ఎక్కువైతే గానీ పిల్లవాడు నిజంగానే మగతగా ఉండొచ్చు. ఆకలి పెరుగుతుంది, ఛాతీ దగ్గర వాపు రావొచ్చు, చేతులు వణకొచ్చు, మెడో దవడో బిగుసుకోవచ్చు. అలాంటివి కనబడితే డాక్టరుకు ఫోన్ చేయాలి. జ్వరంతో ఒళ్లంతా కొయ్యబారితే మాత్రం అది అత్యవసరం.

నన్ను సూటిగా అడిగితే, కుట్లు పడేదాకా వచ్చాక మందు అసలే వద్దనే పట్టుదల నాకు సరికాదనిపిస్తుంది. నొప్పి లేదని తేలి, నోట్‌బుక్‌లో లెక్క తగ్గకపోతే మొదలుపెట్టండి. ఈలోగా లెక్క పెరుగుతుంటే రెండు వారాలు ఆగకుండా సైకియాట్రిస్ట్‌తో మాట్లాడండి. మొదలుపెట్టే ముందు ఆయన్ను అడగాల్సినవి అడగండి: ఏ ప్రవర్తన తగ్గితే పనిచేసినట్టు? ఎన్ని వారాలకు చూస్తారు? తగ్గకపోతే ఎలా మానాలి? ఇంగ్లండ్‌లో డాక్టర్లకు ఇచ్చిన సూచనల్లో మొదలుపెట్టిన 3, 4 వారాలకు పరిశీలించాలనీ, 6 వారాలకూ గుణం లేకపోతే ఆపాలనీ ఉంది. ముందే బరువు చూసి, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించమనండి. మీ అంతట మీరు మాత్రం ఉన్నట్టుండి మానేయకండి.

పెరుగన్నంలో దాచి పెట్టొద్దు. రుచి తేడా పసిగట్టాడంటే తింటున్న ఆ కాస్త అన్నం కూడా మానేస్తాడు. సిరప్ రూపంలో దొరుకుతుంది, అడగండి.

బడి గురించి ఒక్క మాట. మందు వేయాలా వద్దా అన్నది బడి తేల్చే విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదు. గొడవకు దిగమనడం లేదు, ‘డాక్టరుతో మాట్లాడుతున్నాం, మీ క్లాసులో ఎప్పుడు కొట్టుకుంటున్నాడో మీరూ రాసివ్వండి’ అని అడగండి. ప్రవర్తన శిక్షణ కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఒకసారి వెళ్లండి. నొప్పి, ఆకలి, చాలు అని చూపించే బొమ్మల కార్డులు ఎలా వాడాలో నేర్పమనండి. మందు వేసినా ఈ పని ఆగకూడదు. థెరపీ, మందుల ఖర్చుకు నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా.

మీవారిని ఫోన్‌లో ఒప్పించే ప్రయత్నం మానేయండి. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు వీడియో కాల్ కలపండి, ఆయన భయాలేవో ఆయన్నే అడగనివ్వండి. వీలైతే అత్తమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయనకు చెప్పకుండా మొదలుపెడితే రేపు బాబు కాస్త నీరసంగా కనబడినా నింద మీ మీదే పడుతుంది.

చెల్లి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. ఆ పిల్ల భయపడి ఉంటుంది. అన్న కోపం దాని మీద కాదని చెప్పండి, అన్న కొట్టుకుంటుంటే దగ్గరికి వెళ్లకుండా నానమ్మ గదిలోకి పరుగెత్తడం నేర్పండి. రోజూ కాసేపు, బాబు మాట ఎత్తకుండా, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోండి.