తిరుపతి నుంచి దోహాకి ఫుట్‌బాల్ చూడ్డానికి: నేను వెళ్ళొచ్చిన సంగతి

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఉంటారు, మామూలు జీతం, పెద్ద అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నీలో ఒక్క మ్యాచైనా స్టేడియంలో కూర్చుని చూడాలని కోరిక, 2027 సౌదీ ఆసియా కప్‌కి వెళ్ళడం అయ్యే పనేనా అని.

అయ్యే పనే. నాదీ మామూలు జీతమే. 2024 జనవరిలో దోహా వెళ్ళి ఆసియా కప్‌లో మన జట్టు ఆడిన రెండు మ్యాచ్‌లు చూసి వచ్చాను. విమానం రానూపోనూ 28 వేలు, ఆరు రాత్రులకు హోటలు 21 వేలు, తిండీ తిరుగుడూ కలిపి మొత్తం అరవై వేల దగ్గర తేలింది. ఇందులో అన్నింటికంటే చవకైనది మ్యాచ్ టికెట్ అంటే మీరు నమ్మరు. ఖతార్ వాళ్ళు 25 రియాళ్ళ నుంచి పెట్టారు. అప్పటి లెక్కలో 570 రూపాయలు. మన కొండ మీద మూడు వందల దర్శనం టికెట్లు రెండు కొన్నట్టు. వరల్డ్ కప్‌కి ఈ ధర కలలో కూడా రాదు. 2022లో అదే దోహాలో గ్రూప్ మ్యాచ్‌కి విదేశీయులకు అమ్మిన చవక టికెట్ 250 రియాళ్ళు. అందుకే వరల్డ్ కప్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆసియా కప్‌కి వెళ్ళమని అడిగిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాను.

ఆ టోర్నీ పేరు ఆసియా కప్ 2023. చైనాలో జరగాల్సింది, కోవిడ్ కారణంగా వాళ్ళు వదులుకున్నారు, ఖతార్ తీసుకుని ఎండలకు భయపడి జనవరికి జరిపింది. దానివల్ల సరిగ్గా మన పండగ మీద పడింది. ఆస్ట్రేలియాతో మ్యాచ్ 13న, మర్నాడు భోగి. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం "పండగ పూట ఇల్లిడిసి యాడికి పోతావు నాయనా, ఆ బంతాట టీవీలో రాదా?" అంది. టీవీలో వస్తుందని నాకూ తెలుసు. అయినా అరిసెలు, మురుకులు కట్టించుకుని, మా బావ కోసం రెండు లడ్డూలు బ్యాగులో పెట్టుకుని 12 సాయంత్రం బస్సెక్కాను. రేణిగుంట నుంచి దోహాకి విమానం లేదు కదా, చెన్నైకే పోవాలి. పుత్తూరు, నగరి దాటేదాకా ఎదురుగా వచ్చేవన్నీ చెన్నై నుంచి ఊళ్ళకి వచ్చే బళ్ళే. పైన మూటలు, లోపల పిల్లలు. మా బస్సులో సగం సీట్లు ఖాళీ. ఆ ఒక్క గంటా కాస్త దిగులేసింది, అబద్ధమెందుకు.

13 తెల్లవారుజామున విమానం. అక్కడ దిగేసరికి ఇంకా పొద్దెక్కలేదు, దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక. మ్యాచ్ ఆరోజే మధ్యాహ్నం రెండున్నరకి. ఇది నేను చేసిన తెలివితక్కువ పని, మీరు చేయకండి. విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే నా ప్రయాణమంతా బూడిదలో పోసినట్టే. కనీసం ఒక రోజు ముందు దిగండి. ఇమిగ్రేషన్‌లో పెద్ద ఇబ్బంది రాలేదు. మనవాళ్ళకి ఖతార్‌లో దిగాక వీసా వేస్తారు, కానీ హోటల్ బుకింగ్ డిస్కవర్ ఖతార్ సైట్ నుంచే ఉండాలి, తిరుగు టికెట్ ఉండాలి, ఆరోగ్య బీమా ఉండాలి, పాస్‌పోర్టుకి ఆర్నెల్ల గడువు మిగిలి ఉండాలి. నా పాస్‌పోర్టుకి అయిదు నెలలే ఉందని నవంబరులో చూసుకున్నాను. టెన్షన్‌తో తత్కాల్‌లో మార్పించుకున్నాను. మీరు టికెట్ కొనే ముందే ఆ పుస్తకం తెరిచి చూడండి.

మా మేనమామ కొడుకు అక్కడ డ్రైవరు, వాళ్ళది పీలేరు పక్క. హోటలు మధ్యాహ్నం దాకా గది ఇవ్వదు కాబట్టి తన రూముకే పోయి రెండు గంటలు పడుకున్నాను. తర్వాత ఇద్దరం మెట్రోలో బయల్దేరాం. అహ్మద్ బిన్ అలీ స్టేడియానికి గ్రీన్ లైన్‌లో చివరి స్టేషన్ అల్ రిఫాలో దిగాలి. దిగితే స్టేడియం నడిచిపోయే దూరమే. మషైరబ్‌లో లైను మారేసరికి పెట్టె పెట్టెంతా నీలం చొక్కాలు. మలయాళం, బెంగాలీ, తమిళం, మధ్యలో ఎవరో "ఏందన్నా, మీరూ కడపా?" అని. స్టేషన్ బయట ఇనుప కంచెలు పెట్టి వంకర్లు తిప్పుతూ పంపారు. ముందున్న ఉత్తరాది వాళ్ళు విసుక్కుంటుంటే బావా నేనూ నవ్వుకున్నాం. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చూసినవాడికి ఇదొక లైనా?

గేటు దగ్గర చిక్కొచ్చి పడింది. బావ బ్యాగులో నేనిచ్చిన లడ్డూ ఒకటి అలాగే ఉండిపోయింది. బయటి తిండి లోపలికి వదలరు. సెక్యూరిటీ కుర్రాడు మర్యాదగానే పక్కనున్న చెత్తడబ్బా చూపించాడు. ప్రసాదం చెత్తడబ్బాలో వేయడమేంటి? వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి క్యూలోంచి పక్కకు జరిగి, కాగితం విప్పి, నేలకు ఒక్క పలుకు రాలకుండా అరచేతిలో చిదిపి వచ్చేపోయేవాళ్ళకి పెట్టడం మొదలుపెట్టాం. కేరళ కుర్రాళ్ళు "తిరుపతి లడ్డూ!" అని కళ్ళకద్దుకుని తిన్నారు. పసుపు చొక్కాలేసుకున్న ఒక ఆస్ట్రేలియా కుటుంబం కూడా ఆగింది. వాళ్ళ పాపకి జీడిపప్పు వచ్చింది, ఇంకొంచెం కావాలని మళ్ళీ చెయ్యి చాపింది. మిగిలింది బావ నోట్లో వేసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆస్ట్రేలియా వాళ్ళకి పెట్టబట్టే ఓడిపోయామని తను ఇప్పటికీ అంటుంటాడు.

లోపల 35 వేల మందికి పైగా ఉన్నారు, అందులో ఎక్కువ మనవాళ్ళే. అప్పుడు ప్రపంచంలో మన ర్యాంకు 102, ఆస్ట్రేలియాది 25. అయినా జాతీయగీతం వచ్చినప్పుడు ఆ లెక్క ఎవరికి గుర్తుంటుంది? 16వ నిమిషంలో కుడివైపు నుంచి మన ఆటగాడు నిఖిల్ పూజారి వేసిన బంతికి కెప్టెన్ ఛెత్రి తల తగిలించాడు. సరిగ్గా మా ఎదురుగా. పక్కకి పోయింది. స్టేడియం మొత్తం ఒక్కసారి తల పట్టుకుంది. ఇలాంటివి టీవీలో వందసార్లు చూశాను, కానీ బంతి పోయాక ఛెత్రి ఏం చేశాడో టీవీ చూపించేది కాదు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నేలకేసి చూస్తూ నాలుగడుగులు నడిచాడు, తర్వాత వెనక్కి తిరిగి మనవాళ్ళని పైకి రమ్మని చప్పట్లు కొట్టాడు. మన డిఫెండర్ ఝింగన్ వెనక వరుసని అరుస్తూ ముందుకీ వెనక్కీ జరపడం కూడా అక్కడే చూశాను. టీవీ బంతి వెంటే పోతుంది, ఆ వరుస అందులో కనబడదు. రెఫరీ జపాన్ ఆవిడ, యోషిమి యమషిత. పురుషుల ఆసియా కప్‌లో రెఫరీగా చేసిన మొదటి మహిళ ఆవిడేనని పక్క సీటు మలయాళీ అబ్బాయి చెబితే తెలిసింది.

సగం ఆట అయ్యేసరికి 0-0. మేమప్పటికే డ్రా అయినట్టు మాట్లాడుకుంటున్నాం. 50వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ తట్టిన బంతి నేరుగా ఆస్ట్రేలియా ఆటగాడు ఇర్వైన్ ముందు పడింది. గోల్. 73వ నిమిషంలో అప్పుడే మైదానంలోకి వచ్చిన వాళ్ళ ఆటగాడు జోర్డాన్ బోస్ రెండోది కొట్టాడు. అది నేను చూడనేలేదు, ముందు వరుసలో జెండా అడ్డం వచ్చింది. అటు మూల పసుపు చొక్కాలు లేచి అరిస్తే అర్థమైంది. అయినా చివరి విజిల్ దాకా మనవాళ్ళ డప్పులు ఆగలేదు.

ఆ సాయంత్రం చలి. నేను స్వెట్టరు తీసుకెళ్ళలేదు. "ఏం బావా, గల్ఫ్ అంటే ఎండే అనుకుంటివా?" అని బావ తన జర్కిన్ ఇచ్చాడు. జనవరిలో గాలి బాగా కొడుతుంది, రాత్రి మ్యాచైతే ఇంకా. మర్నాడు భోగికి వాళ్ళ రూములో పొంగలి, పప్పు. ఒకే గదిలో ఆరుగురు, ఒకే స్టవ్వు. కనుమ రోజు రంగంపేట పశువుల పండగ నుంచి స్నేహితులు వీడియో కాల్ చేస్తే ఆ ఆరుగురూ ఫోను చుట్టూ మూగారు. కొందరు ఊరొచ్చి మూడేళ్ళయింది. నేను అరిసెలు ఇంకో కిలో తెచ్చుంటే బాగుండేదనిపించింది.

18న ఉజ్బెకిస్తాన్ మ్యాచ్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నాలుగో నిమిషంలోనే వాళ్ళ ఆటగాడు ఫైజుల్లాయెవ్ గోల్, సగం ఆటకే మూడు, అంతే, 3-0. సిరియాతో మూడో మ్యాచ్ ఇంట్లో కూర్చుని చూశాను, 1-0తో అదీ పోయింది. టోర్నీ మొత్తంలో మనకి ఒక్క గోల్ కూడా రాలేదు.

ఇక మీ సౌదీ సంగతి. 2027 జనవరి 7 నుంచి ఫిబ్రవరి 5 వరకు అని షెడ్యూల్. రియాద్, జెడ్డా, అల్ ఖోబర్‌లలో మ్యాచ్‌లు. మళ్ళీ సంక్రాంతి మీదే పడింది, ఇంట్లో ముందే చెప్పుకోండి. దోహాలో మెట్రో, కొన్ని స్టేడియాలకు ఆ తర్వాత బస్సు ఎక్కితే చాలు, ఏ మ్యాచ్‌కైనా వెళ్ళొచ్చు. సౌదీలో రియాద్‌కీ జెడ్డాకీ మధ్య వందల కిలోమీటర్లు, మధ్యలో ఇంకో విమానం ఎక్కాలి. కాబట్టి ఒక్క ఊరు ఎంచుకుని, అక్కడి మ్యాచ్‌లే తీసుకోండి. ఖతార్‌లా దిగాక చూసుకుందాంలే అనుకోవద్దు, మామూలు పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళు వీసా ముందే తీసుకోవాలి. నేనైతే ముందు మ్యాచ్ టికెట్, తర్వాత వీసా, అది చేతికొచ్చాకే విమానం, ఈ వరుసలో పోతాను. విమానం టికెట్ ముందు చవగ్గా దొరికిందని కొనేసి, వీసా రాక డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. టికెట్ ఫోన్లోనే ఉంటుంది గనక పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు.

ఒక్కటే లోటు. 2025 అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓడిపోయి మనవాళ్ళు ఈ టోర్నీకి అర్హత పోగొట్టుకున్నారు. మన జట్టు లేనిదే నేను మళ్ళీ పండగ వదిలి వెళ్ళను, మా అమ్మ ఈసారి మాట్లాడదు. మీకు ఆట చూడ్డమే ముఖ్యమైతే ఉజ్బెకిస్తాన్ మ్యాచ్ ఉన్న ఊరికి వెళ్ళండి. మనల్ని 3-0తో ఓడించిన జట్టే మొదటిసారి 2026 వరల్డ్ కప్‌కి అర్హత సంపాదించింది. ఆ ఫైజుల్లాయెవ్ బంతి తీసుకుని లోపలికి కోసుకుంటూ వచ్చే తీరు ఒక్కటి చూసినా మీ టికెట్ డబ్బు రాబట్టుకున్నట్టే.