బాబుకు సున్తీ: సంతకం ఎవరు పెట్టాలి?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. నా భార్యకు ఎనిమిదో నెల, పుట్టబోయేది బాబు. ఆసుపత్రి వాళ్లిచ్చిన ఫారంలో ‘సున్తీ చేయిస్తారా?’ అన్న ప్రశ్న ఉంది. నేను వద్దన్నాను, ఆమె చేయిద్దామంటోంది. తన తమ్ముడికి తొమ్మిదో ఏట అంగం ముందరి చర్మం బిగుసుకుపోయి, మూత్రానికి వెళ్లాలంటేనే ఏడ్చేవాడట. చివరికి ఆపరేషన్ అయింది. నేను చదివినదాన్ని బట్టి ఇది మగపిల్లల హక్కును కాలరాయడమే. ‘మగవాడి శరీరం గురించి నీకేం తెలుసు?’ అన్నాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. నేను లేనప్పుడు ఆమె సంతకం చేస్తే చట్టప్రకారం ఆపగలనా? వచ్చే నెల మా అమ్మ వస్తోంది. ఆమె చెవిన పడితే గొడవ ఇంకా పెద్దదవుతుంది.

జవాబు: వైద్య అవసరమేదీ లేనప్పుడు, మీ ఇంటి మతాచారం కూడా కానప్పుడు, పుట్టిన రెండో రోజే చేయించాలన్న తొందర దేనికని నాకూ అనిపిస్తుంది. ఇవాళ ఆగితే రేపు చేయించుకోవచ్చు. ఇవాళ చేయిస్తే రేపు వద్దనుకోవడానికి ఏమీ మిగలదు. ఇంతవరకూ నేను మీ వైపే.

కానీ మీరు అనుకుంటున్నంత ఏకపక్షంగా లేదు విషయం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో సున్తీ వల్ల లాభాలు నష్టాల కంటే ఎక్కువేనంది. అయితే మగశిశువులందరికీ చేయించమని సిఫారసు చేసేంత ఎక్కువ కావని, నిర్ణయం తల్లిదండ్రులదేనని కూడా అంది. నెదర్లాండ్స్ వైద్యుల సంఘం అంతకు రెండేళ్ల ముందే, అవసరం లేకుండా పిల్లలకు చేయవద్దని గట్టిగా చెప్పింది. మగవాళ్లకు హెచ్‌ఐవీ సోకే ముప్పును సున్తీ తగ్గిస్తుందన్న మాట నిజమే. కానీ 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందుకోసం సున్తీని సిఫారసు చేసింది ఆ వ్యాధి విపరీతంగా ఉన్న ప్రాంతాల కోసం. దానికి ఆధారమైన ఆఫ్రికా పరీక్షల్లో పాల్గొన్నది తమ ఇష్టంతో ముందుకొచ్చిన పెద్దవాళ్లు. డాలస్‌లో పుట్టే పసివాడి విషయంలో దాని బరువు అంత ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ సున్తీ కాని మగశిశువుల్లో మొదటి ఏడాది సుమారు నూటికి ఒకరికి వస్తుంది. సున్తీతో అది బాగా తగ్గుతుంది. వచ్చినా మందులున్నాయి.

మీ భార్య భయం వీటిలో దేని గురించీ కాదు. ఏడుస్తున్న తమ్ముణ్ని దగ్గరుండి చూసిన అక్క ఆమె. దానికి మీరు హక్కుల పాఠం చెప్పారు. ఆమెకు కావలసిన సమాధానం వేరు. పుట్టిన మగపిల్లల్లో దాదాపు అందరికీ ముందరి చర్మం లోపలి భాగానికి అంటుకునే ఉంటుంది. అది జబ్బు కాదు. ఏళ్ల మీద తనంతట తానే విడుతుంది, కొందరికి యుక్తవయసు దాకా పడుతుంది. మన ఇళ్లలో కొందరు పెద్దవాళ్లు నూనె రాసి, నీళ్లు పోస్తూ, శుభ్రం చేస్తున్నామనుకుని దాన్ని వెనక్కి లాగుతారు. అలా బలవంతంగా లాగితే చర్మం చిట్లి, మచ్చకట్టి బిగుసుకుపోవచ్చు. పైపైన నీళ్లతో కడిగితే చాలు. పెద్దయ్యాక నొప్పి పుట్టినా, మాటిమాటికీ ఎర్రగా వాచినా, కొస తెల్లగా మచ్చకట్టినా డాక్టరుకు చూపించాలి. చాలామందికి కొన్ని వారాల పాటు స్టెరాయిడ్ క్రీము రాయడంతోనే సర్దుకుంటుంది. కొద్దిమందికే ఆపరేషన్ దాకా వస్తుంది. ఈ మాటలు మీ నోట కంటే పిల్లల డాక్టరు నోట వింటేనే ఆమెకు ధైర్యం. ప్రసవానికి ముందే పిల్లల డాక్టరును ఎంచుకుని, ఇద్దరూ కలిసి వెళ్లండి. అక్కడ మీరు కాదు, ఆమె అడగాలి ప్రశ్నలు.

ఇక మీరన్న మాట. మగవాడి శరీరం గురించి ఆమెకేం తెలుసన్నారు. ఆ శరీరం మీది కూడా కాదు కదా! తమను అడగకుండా చేశారని పెద్దయ్యాక బాధపడే మగవాళ్లున్నారు, వాళ్ల బాధను ఎగతాళి చేయకూడదు. మగపిల్లల శరీరానికీ రక్షణ ఉండాలన్న వాదనలోనూ బలం ఉంది. కానీ ఆ వాదన వినిపించే చోట్ల తల్లుల మీద, ఆడవాళ్ల మీద కసి కూడా కలిసి వస్తుంటుంది, మీకు తెలియకుండానే అది మీ మాటలోకి దూరింది. అన్నట్టు, అమెరికాలో ఈ పద్ధతిని ఇన్ని దశాబ్దాలు నిలబెట్టిన వాళ్లలో ‘నా కొడుకు నాలాగే ఉండాలి’ అన్న తండ్రులు తక్కువేమీ కాదు.

చట్టం సంగతి అడిగారు. అమెరికాలో దీనికి నిషేధం లేదు. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నిషేధాన్ని ఓటింగుకు పెట్టాలని చూస్తే, న్యాయమూర్తి దాన్ని బ్యాలెట్ నుంచే తీయించారు. జర్మనీలో కొలోన్ కోర్టు 2012లో ఒక బాలుడి సున్తీని శారీరక గాయమేనంటే, ఆ ఏడాది డిసెంబరులోనే పార్లమెంటు తల్లిదండ్రులకు అనుమతిస్తూ చట్టం చేసింది. సాధారణంగా ఆసుపత్రికి ఒక్కరి సంతకం చాలు. ఎనిమిదో నెల గర్భిణి మీద లాయరును పెట్టే బదులు, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఎవరూ సంతకం చేయకూడదని మాట అనుకోండి. ఆ సంగతి డాక్టరుకు చెప్పి రికార్డులో రాయించండి. ప్రసవమై, నిద్ర కూడా లేని తల్లిని నర్సు వచ్చి అడిగే ప్రశ్న అది. అప్పటిదాకా లాగకండి.

ఇంత మాట్లాడుకున్నాక కూడా ఇద్దరూ చేయిద్దామనే అనుకుంటే, అదేమీ ఘోరం కాదు. మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తారో లేదో ముందే అడగండి. రెండు వైపులా రక్తం గడ్డకట్టని జబ్బు ఎవరికైనా ఉంటే చెప్పండి.

మీ అమ్మగారు ‘మన ఇంటా వంటా లేదు’ అంటారు. పనిలో పనిగా పక్క మతం వాళ్ల మీద ఒక మాట కూడా తూలవచ్చు. ఆమె విమానం ఎక్కకముందే, ఇది మేమిద్దరం, డాక్టరు కలిసి తేల్చుకునే విషయమని, దీని మీద కోడలిని ఏమీ అడగవద్దని ఫోనులో చెప్పండి. ఆ ఫోను మీరే చేయాలి, మీ భార్య కాదు.