కూర్చో అనకు

అమ్మా,

వచ్చే వారం తొమ్మిదో తరగతికి భావప్రకటన స్వేచ్ఛ పాఠం చెప్పాలి, పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. వెయ్యకపోతే కదా టెన్షన్ పడాలి!

రాజ్యాంగ అధికరణ నంబరుతో మొదలుపెట్టకు. బోర్డు మీద 19(1)(ఎ) అని రాయగానే పిల్లలు పెన్ను తీసి ఎక్కించుకోవడం మొదలెడతారు, ఆలోచించడం మానేస్తారు. ముందు ఒక కేసు చెప్పు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు గానీ, తమ మత విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. అక్కడ ఆపి, ‘మీరే జడ్జీలైతే ఏమంటారు?’ అని అడుగు. క్లాసులో సగం సేపు దానికే పోయినా పోనీ. నీ అభిప్రాయం మొహంలో కూడా కనబడనివ్వకు. నాకెప్పుడూ అదే కష్టమయ్యేది.

తర్వాత తీర్పు చెప్పు. 1986లో సుప్రీంకోర్టు పిల్లల వైపే నిలిచింది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. భావప్రకటన హక్కుకు ఆంక్ష పెట్టాలంటే చట్టం ఉండాలి, విద్యాశాఖ సర్క్యులర్ చాలదన్నారు. ఈ ముక్క మాత్రం నిదానంగా, రెండుసార్లు చెప్పు.

ఇక హద్దులు. 19(2)లో ఉన్న ఎనిమిది కారణాలనూ బట్టీ పట్టించకు. పరువు నష్టం, కోర్టు ధిక్కారం, ఇలా చదువుకుంటూ పోయి ‘చిరాకు తెప్పించడం’ అందులో ఉందేమో వెతకమను. దొరకదు. ఐటీ చట్టంలో చిరాకు కలిగించే మెసేజీని కూడా నేరం చేసిన 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చర్చించడం, సమర్థించడం వేరు, ఉసిగొల్పడం వేరని ఆ తీర్పులోనే ఉంది. ‘ఈ రూలు తప్పు’, ‘దీన్ని తీసెయ్యాల్సిందే’, ‘పదండ్రా, ఆఫీసు అద్దాలు పగలగొడదాం’ అని మూడు మాటలు బోర్డు మీద రాసి, గీత ఎక్కడ గియ్యాలో వాళ్లనే గియ్యమను.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఇదే పాఠం మధ్యలో ఒకబ్బాయి లేచి, యూనిఫాం లేకపోతే ఫైన్ వెయ్యడం అన్యాయమండీ అన్నాడు. ‘కూర్చో’ అన్నాను. ఆ ఏడాదంతా ఆ క్లాసులో మళ్లీ ఒక్క చెయ్యి లేవలేదు. నీ దగ్గరా ఎవరో ఒకరు అలాంటి మాట అంటారు. అన్నది కాగితం మీద రాసి హెడ్‌మాస్టరుకు ఇమ్మను. ఇవ్వడానికి వెళ్లేటప్పుడు నువ్వూ తోడు వెళ్లు.