మాక్ ఎక్కడ పెట్టాలి: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి కోసం నువ్వు రాస్తున్న కోడు నిన్న రాత్రి కూర్చుని చదివాను. బిల్లు లెక్కని చక్కగా విడి ఫంక్షన్‌గా రాశావు, చూసి సంతోషమేసింది. టెస్టులు అన్నీ పాసవుతున్నాయి, కానీ వాటిని నమ్మలేకపోతున్నాను.

రైతుకి మెసేజ్ సరిగ్గా వెళ్తోందా అని చూసే టెస్టులో లెక్కకట్టే ఫంక్షన్‌నే మాక్ చేసి, అంటే దాని చోట నకిలీని పెట్టి, 1,80,000 ఇవ్వమన్నావు. తర్వాత మెసేజ్‌లో 1,80,000 ఉందా అని అడిగావు. ఉండక ఏం చేస్తుంది? అసలు ఫంక్షన్‌లో 1,200 కిలోల్ని 12 క్వింటాళ్లుగా మార్చే లైను ఎవరైనా తీసేస్తే, క్వింటాలు 15,000 చొప్పున బిల్లు 1,80,00,000 అవుతుంది. నీ టెస్టు అప్పుడూ పాసే. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించుకుని రాత్రంతా యార్డులోనే కాపలా పడుకున్న మనిషి ఫోనుకి వెళ్లే అంకె అది. దాన్ని నిజం ఫంక్షనే కట్టాలి.

మాక్ పెట్టాల్సింది కోడు బయటికి వెళ్లే చోట: ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే గేట్‌వే, నెట్‌వర్కు, గడియారం. అక్కడ కూడా గేట్‌వే వాళ్ల లైబ్రరీని నేరుగా మాక్ చేయకు. దాన్ని పిలిచే చిన్న ఫంక్షన్ ఒకటి నువ్వే రాసుకుని, దాన్ని మాక్ చెయ్యి. రేపు వాళ్లు పద్ధతి మారిస్తే మాక్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి, ఆ చిన్న ఫంక్షన్‌ని టెస్టు అకౌంటుతో నిజంగా నడిపే పరీక్ష ఒకటి వేరే ఉంచుకో.

స్పై, అంటే ఫంక్షన్‌కి వచ్చే పిలుపుల్ని గమనించే నిఘా, దాని సంగతి ఇంకా జాగ్రత్త. టెస్టులు నడిపే జెస్ట్‌లో స్పైఆన్ ఎన్నిసార్లు పిలిచారో, ఏమిచ్చారో రాసుకుంటుంది, అంతే. అసలు ఫంక్షన్ మామూలుగానే నడుస్తుంది. సైనాన్ అనే ఇంకో టెస్టు లైబ్రరీలో స్పై కూడా అంతే, అసలుని నడవకుండా ఆపాలంటే అక్కడ స్టబ్ అనే నకిలీ వాడాలి. నువ్వు మెసేజ్ పంపే ఫంక్షన్ మీద స్పై పెట్టావు కానీ, అసలు బదులు నడిచే నకిలీ కోడు, అంటే మాక్‌ఇంప్లిమెంటేషన్, పెట్టలేదు. అంటే టెస్టు నడిపిన ప్రతిసారీ నిజం మెసేజ్ వెళ్లే ప్రమాదం ఉంది. ముందు ఇది సరిచెయ్యి, మిగతావి తర్వాత.

ప్రతి టెస్టు తర్వాత నడిచే ఆఫ్టర్‌ఈచ్‌లో క్లియర్‌ఆల్‌మాక్స్ పెట్టావు. అది పిలుపుల లెక్క మాత్రమే చెరిపేస్తుంది, పెట్టిన నకిలీ అలాగే ఉండిపోతుంది. స్పైఆన్‌తో మార్చినవి మళ్లీ అసలుకి రావాలంటే రీస్టోర్‌ఆల్‌మాక్స్ కావాలి.

ఒక కేసు నువ్వు రాయనేలేదు. రైతు ధర నచ్చక లాటు అమ్మనంటే మెసేజ్ వెళ్లకూడదు. అక్కడ పిలుపు జరగలేదని చూడటమే టెస్టు. స్పై అసలు పనికొచ్చేది ఇలాంటి చోటే. అది రాసి పంపు. శనివారం నేను విజయవాడలోనే ఉంటాను, వస్తే కలిసి చూద్దాం.

మీ అన్నయ్య